కుడికన్ను

సామేలు ముందు వాకిట్లోంచి లోపలికి పరుగున వచ్చి, "బాపూ, చాట కింద పెట్టు. శంకరవ్వత్త వస్తున్నది" అన్నాడు.

వెనక వరండాలో ఎండ పొడ తగిలేచోట కూర్చుని మొండయ్య బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. రెండు కళ్లూ పోయాయని ఆరు వారాలుగా కాలనీ అంతా జాలిపడుతున్న మనిషి, ఆవగింజంత నల్లరాయిని కూడా వదలకుండా తీసి పక్కన పడేస్తున్నాడు. పొద్దుపోక తనే అడిగి తీసుకున్న పని అది. ఊరికే కూర్చోవడం బొగ్గుబాయిలో టబ్బులు నింపడం కన్నా కష్టమని అతనికి ఈ ఆరు వారాల్లో తెలిసివచ్చింది.

భార్య దేవవ్వ చాట లాక్కుంది. మొండయ్య ముఖం మార్చుకున్నాడు. గడ్డం కొంచెం పైకెత్తి, రెప్పలు సగం వాల్చి, ఎదుటి మనిషి భుజం పక్కనుంచి చూపును గోడ మీదికి పంపడం అతనికి బాగా అలవాటైపోయింది. మొదట్లో ఆ ముఖం చూసి తల్లీకొడుకులు నవ్వు ఆపుకోలేకపోయేవారు. ఇప్పుడు దేవవ్వకు నవ్వు రావడం లేదు. ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసిన మొగుడు కళ్లముందే ఇంకెవరో అయిపోతుంటే ఆమెకు భయమేస్తోంది.

నిజం చెప్పాలంటే ఎడమకన్ను నిజంగానే పోయింది. మూడేళ్ల కిందట బాయిలో బొగ్గుపెళ్ల ఎగిరి తగిలింది. కుడికన్నే అబద్ధం. రెండు కళ్లూ పనిచేయవని కంపెనీ మెడికల్ బోర్డు డాక్టర్లు రాస్తే మనిషి అన్‌ఫిట్ అవుతాడు, అన్‌ఫిట్ అయిన తండ్రి జాగాలో కొడుక్కి నౌకరీ దొరుకుతుంది. మందమర్రి కార్మికుల కాలనీలో ఈ దారి ఎరగని ఇల్లు లేదు. సామేలుకు ఇంకొక్క ఏడాది గడిస్తే నౌకరీ వయసు దాటిపోతుంది. బోర్డు గురువారం కూర్చుంటుంది. ఇవాళ శనివారం.

ఈ ఉపాయం మొండయ్యది కాదు, సామేలుది అసలే కాదు. "ఒకటి పోనే పోయె, రెండోది గూడ పోయిందను" అని మొదట అన్నది దేవవ్వే. మొండయ్య మూడు రోజులు ఒప్పుకోలేదు. తను చర్చి సంఘంలో పెద్దనని, ప్రభువు బల్ల దగ్గర పళ్లెం పట్టుకునే చేతులతో దొంగ కాగితం మీద వేలిముద్ర ఎట్లా వేస్తానని వాదించాడు. నాలుగోనాడు కొడుకు లారీల మీద బస్తాలెత్తి, నడుము పట్టేసి, గోడను పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మొండయ్య సరేనన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. సంఘంలో ఆడవాళ్లు చుట్టూ చేరి, అయ్యో కళ్లెట్లా పోయాయి, ఏ దవాఖానలో చూపించారు, హైదరాబాద్ తీసుకుపోరాదా అని ఒకటే ప్రశ్నలు. దేవవ్వ తట్టుకోలేక "దేవుని చిత్తం" అనేసింది. ఆ ఒక్క మాటతో అందరి నోళ్లూ మూతపడ్డాయి. ఇంత సులువైన మాట ఇన్నాళ్లూ తన నోట్లోనే ఉండి తనకు తెలియలేదే అనుకుంది ఆ రోజు. ఆ పై ఆదివారం మొండయ్యను సాక్ష్యం చెప్పమన్నారు. అతను లేచి నిలబడి, నా కళ్లను దేవుడికి అప్పగించుకున్నాను, తీసుకున్నా ఆయన ఇష్టమే అని చెప్పి భోరున ఏడ్చాడు. ఆ ఏడుపు భయంతో వచ్చిందని భార్యకు తెలుసు. సంఘం మాత్రం భక్తితో వచ్చిందనుకుంది. ఇలాంటి అప్పగింత ఈ జిల్లాలో చూడలేదని పాస్టరు గిద్యోను అయ్యగారు కూడా కళ్లు తుడుచుకున్నారు.

శంకరవ్వ కట్టె తాటించుకుంటూ లోపలికి వచ్చింది. మొగుడు పోయి పద్నాలుగేళ్లయింది. మోదుగాకు విస్తర్లు కుట్టి బతుకుతుంది. రెండేళ్లుగా కళ్లలో శుక్లం ముదిరి, ఆమెకు ఇప్పుడు వెలుతురుకూ నీడకూ తేడా మాత్రమే తెలుస్తుంది. అయినా చాట చప్పుడు వినిపిస్తుందని ఆమె దగ్గరా ఈ ఇంటికి భయమే. వేళ్ల కొసల నిండా పుల్లలు గుచ్చుకున్న గాట్లు.

"దేవవ్వా, నువ్వు జర లోపలికి పోరాదు. తమ్మునితోని మాట్లాడేదున్నది" అంది.

దేవవ్వ వంటింట్లోకి పోయింది. రెండు గదుల క్వార్టరులో లోపలికి పోవడమంటే మనిషి కనపడకుండా ఉండటమే, మాటలు ఎటూ పోవు.

"క్యాంపుల నా పేరు తీసేయించిన తమ్మీ" అంది శంకరవ్వ.

దేవవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. సోమవారం పొద్దున ఆరింటికి కరీంనగర్ కంటి క్యాంపుకు బండి పోతుంది. ఆపరేషన్ ఉచితం. అయ్యగారు పది మందిని బతిమాలి శంకరవ్వ పేరు రాయించారు. ఈసారి తప్పితే ఇక కత్తి పెట్టినా లాభం ఉండదని, లోపల కన్నే చెడిపోతుందని చూసిన డాక్టరు చెప్పాడు. ఆ సంగతి సంఘమంతటికీ తెలుసు.

"మొన్నటిదాక మస్తు పరేషానైన. కండ్లు పోతె విస్తర్లెవలు కుడ్తరు, నాకింత బువ్వెవలు పెడ్తరని రోజూ ఏడుసుడే. నీ సాక్ష్యం ఇన్నంక బుద్ధొచ్చింది. కొడుకు, పెండ్లాం, నౌకరి ఉన్నోనివి, నువ్వే అప్పగించుకున్నవు. నేనెంత? దేవుడు తీసుకుంటనంటె కత్తి పెట్టి గుంజుకునుడేందని పేరు తీసేయించిన."

శంకరవ్వ తడుముకుంటూ అతని పక్కకు జరిగి కూర్చుంది.

"ఇగ నువ్వే నాకు నేర్పాలె. నాకంటె ముందుగాల నీకచ్చింది గద."

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలు దేవవ్వ చచ్చేదాకా మరచిపోలేదు. తెల్లారిందని ఎట్లా తెలుస్తుంది? చెంబులో నీళ్లు నిండాయని దేన్నిబట్టి ఆగాలి? అన్నంలో పురుగు పడితే ఎట్లా? మనిషి మాట్లాడకుండా ఎదురుగా నిలబడితే ఉన్నాడని తెలుస్తుందా? మొండయ్య ఒక్కొక్కదానికీ ఏదో ఒకటి కల్పించి చెబుతున్నాడు. చెంబు అంచు లోపల వేలు పెట్టుకోవాలన్నాడు. తెల్లవారుజామున గోడ చల్లబడుతుందన్నాడు. శంకరవ్వ ప్రతి జవాబునూ చిన్నపిల్ల పద్యం ఒప్పజెప్పినట్టు మళ్లీ ఒకసారి తనలో చెప్పుకుంటోంది. అవన్నీ శుద్ధ అబద్ధాలు, రేపు ఆమె వాటిని నమ్ముకునే పొయ్యి ముట్టించాలి.

"భయమైతదా తమ్మీ?" అని చివరికి అడిగింది.

"అయితది అక్కా" అన్నాడు మొండయ్య.

అతను ఆ పూట ఆడిన నిజం అదొక్కటే. వంటింట్లో దేవవ్వకు భూమి రెండుగా చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

శంకరవ్వ కట్టె చప్పుడు వీధి చివరికి పోయేదాకా ముగ్గురూ చెవులప్పగించి విన్నారు. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వస్తున్నా దేవవ్వ కదల్లేదు.

"ఆమెకు చెప్పాలె" అంది చివరికి.

సామేలు అటూ ఇటూ చూసి తలుపు దగ్గరికి వేశాడు. గురువారం దాటనీ, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు చెప్పుకో అన్నాడు.

"బండి సోమారం పోతది. శుక్రారం చెప్తె ఆమె కండ్లొస్తయా?"

"ఆపరేషన్ అద్దని ఆమెకు మనం చెప్పినమా అవ్వా?"

"నేను చెప్పిన" అన్నాడు మొండయ్య. అతను ఇంకా గోడవైపే చూస్తున్నాడు, ఇంట్లో వాళ్ల ముందు కూడా ముఖం తిప్పుకోలేకపోతున్నాడు. "నిలవడి, ఏడ్సి, అందరి ముంగట చెప్పిన."

తండ్రి అట్లా ఒప్పేసుకునేసరికి సామేలుకు కోపం వచ్చింది. తనను ఈ నౌకరీ కావాలా అని ఎవరడిగారన్నాడు. బాయిలోకి దిగడానికి తనకేమన్నా సరదానా అన్నాడు. కాగితాలు అంత దూరం పోయాక ఇప్పుడు బయటపెడితే తండ్రిని కూడా పనిలోంచి తీసేస్తారని, ముగ్గురూ రోడ్డున పడతారని, అప్పుడు శంకరవ్వత్త వచ్చి విస్తర్లు కుట్టి సాకుతుందా అని అడిగాడు. వాడు అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు, అదే దేవవ్వకు మరింత బాధ.

మొండయ్య పెద్దగా నిట్టూర్చి, "ఏముంది, దేవుని చిత్తమెట్లుంటె అట్లయితది" అన్నాడు.

దేవవ్వకు ఒళ్లు మండింది.

"గా మాట ఇగ ఈ ఇంట్ల అనకు, సామేలు బాపూ. ఆయన చిత్తమేందో మనమెన్నడన్న అడిగినమా? మనకు కావల్సింది మనమే రాసుకున్నం. కింద ఆయన సంతకం మనమే పెట్టినం."

"రాసింది నువ్వే గదనే అవ్వా" అన్నాడు సామేలు.

గట్టిగా కూడా అనలేదు వాడు. దేవవ్వ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పొయ్యి దగ్గరికి పోయి, మాడిన పప్పును గిన్నెలోకి వంపసాగింది. ఆ పూట ముగ్గురూ దాన్నే తిన్నారు. మాడిందని ఎవరూ అనలేదు.

పొద్దు వాలుతుండగా ఆమె శంకరవ్వ గుడిసెకు పోయింది. అసలు సంగతి బయటపెట్టకుండానే ఆమెను బండి ఎక్కించే మార్గం ఏదో ఉండకపోదని దారిపొడుగునా ఆలోచించుకుంది. మనిషి ఆశ అట్లాంటిది, దొంగిలించిన కోడిని దాచుకుంటూనే దాని కూత మాత్రం ఆపాలనుకుంటుంది.

గుడిసె ముందు శంకరవ్వ కొంగును నాలుగు మడతలు పెట్టి కళ్లకు గట్టిగా కట్టుకుని, ఆకు మీద ఆకు పేర్చి, తడుముకుంటూ పుల్ల గుచ్చుతోంది. ఉన్న ఆ కాస్త వెలుతురునూ తనే మూసేసుకుని, కళ్లు లేకుండా బతకడం నేర్చుకుంటోంది. ఒళ్లో ఆకుల మీద అక్కడక్కడ నెత్తురు మరకలు ఉన్నాయి. అడుగుల చప్పుడు విని, "దేవవ్వవేనా? తమ్ముడు చెప్పినట్టు చెవులతోని గుర్తువట్టిన" అని సంబరపడింది.

దేవవ్వ ఆమె పక్కన కూలబడింది. ఆపరేషన్ చేయించుకోవడం పాపం కాదు వదినె అని మొదలుపెట్టింది. డాక్టరు చేతులు కూడా దేవుడిచ్చినవేనని, క్యాంపు వచ్చిందంటే ఆయన పంపితేనే వచ్చిందని, అయ్యగారు ఎంత బాధపడుతున్నారోనని చెప్పుకొచ్చింది. మంచి మాటలే అన్నీ. శంకరవ్వ చివరిదాకా విని, కళ్ల కట్టు విప్పకుండానే అడిగింది.

"మరి తమ్ముడెందుకు పోతలేడు?"

"ఆయనది వేరే వదినె."

"ఏం వేరే?"

మూడే మాటలు. ఆయనకు కండ్లు కనవడ్తయ్. అవి దేవవ్వ గొంతు దాకా వచ్చాయి. సామేలు గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చిన రాత్రి కళ్లముందు మెదిలింది. ఆ మాటలు మింగేసి, కింద పడ్డ ఆకులను ఏరి శంకరవ్వ ఒళ్లో పెట్టింది. శంకరవ్వ తడుముకుంటూ ఆమె మోకాలి మీద చెయ్యేసి, "నువ్వు నా కోసం ఫికర్ పెట్టుకోకు. మీ మొగుడు పెండ్లాలను చూసే నాకు ధైర్నమచ్చింది" అంది.

దేవవ్వ లేచి ఇంటిదారి పట్టింది. తలెత్తి నడవలేకపోయింది. దారిలో ఎదురుపడ్డవాళ్లు మొండయ్య ఎట్లున్నాడని అడిగితే, మంచిగున్నాడని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జవాబు చెప్పింది. వాళ్లు ఏడుస్తోందనుకుని జాలిపడ్డారు.

తెల్లారి ఆదివారం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలు కాబట్టి మందిరంలో బల్ల వెనకున్న పెద్ద కిటికీకి ఊదారంగు గుడ్డ కట్టారు. ఎండ అప్పుడే ముదిరిందని పక్కతలుపు బార్లా తెరిచి పెట్టారు. దేవవ్వ ఎప్పటిలాగే మొండయ్యను చెయ్యి పట్టుకుని తెచ్చి మగవాళ్ల చాప మీద అంచున కూర్చోబెట్టి, తను ఆడవాళ్లవైపు పోయింది. సామేలు పాటల వాళ్ల దగ్గర డోలక్ ముందేసుకుని కూర్చున్నాడు.

అయ్యగారు, పట్టుబడే రాత్రి తోటలో ప్రభువు చేసిన ప్రార్థన గురించి చెప్పారు. ఆయన తనకు కావలసింది దాచుకోలేదన్నారు. ఈ శ్రమల గిన్నె నాకొద్దని ముందు కడుపులో మాట తండ్రితో చెప్పేసి, ఆ తర్వాత నీ ఇష్టమని చెయ్యి వదిలాడన్నారు. "మనం చెయ్యి వదలమమ్మా. పట్టుకున్నది గట్టిగా పట్టుకునే, నోటితో మాత్రం నీ ఇష్టమంటాం" అని ఆయన మామూలుగానే అన్నారు, ఎవరి వంకా చూడలేదు. దేవవ్వకు మాత్రం ఆ మాట తన పేరు పెట్టి పిలిచినట్టే ఉంది.

ప్రసంగం అయ్యాక ప్రభువు రొట్టె తీసుకోవడానికి బల్ల దగ్గరికి రమ్మన్నారు. ఆ సంఘంలో ఒక కట్టుబాటుంది. మనసులో మచ్చ ఉన్నవాళ్లు లేవకుండా చాప మీదే ఉండిపోవాలి. ఎవరూ కారణం అడగరు, కాని లేవని మనిషిని అందరూ చూస్తారు, వారం దాకా మాట్లాడుకుంటారు. గడిచిన నెల దేవవ్వ లేచింది. నాలుక మీద రొట్టె మన్నులా తగిలినా మింగింది.

మగవాళ్లు ఒక్కొక్కరే పోయి మోకరిస్తున్నారు. అందరూ తలలు వంచి, కళ్లు మూసుకుని మెల్లగా పాడుతున్నారు. మొండయ్య లేచి నిలబడి, అలవాటు ప్రకారం కుడిచెయ్యి చాపాడు. దేవవ్వ వచ్చి ఆ చెయ్యి పట్టుకోవాలి.

ఆమె లేవలేదు. మొగుడిని ఇరికించాలని కాదు, పంతం పట్టిందీ కాదు. ఆ మచ్చతో రెండోసారి లేవడం ఆమెవల్ల కాలేదు, అంతే. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోతున్నాయి. తల నేలకు ఆనేటట్టు వంగి, ఆరు వారాల్లో మొదటిసారి దేవుడితో ఉన్నమాట చెప్పుకుంది. నా కొడుక్కి ఆ నౌకరీ కావాలె. దానికోసమే ఇదంతా చేసిన. ఇగ నాతోని అయితలేదు. ఇస్తె ఇయ్యి, గుంజుకుంటె గుంజుకో, నేను చెయ్యి ఇడుస్తున్న. ఆ మాట అనుకున్నాక కూడా భయం పోలేదు. పైగా ఎక్కువైంది.

మొండయ్య చాపిన చెయ్యి గాలిలో అట్లాగే ఉంది. తనంతట తాను నడిచిపోతే దొరికిపోతాడు. కూర్చుంటే సంఘపెద్ద బల్లను కాదన్నట్టు. డోలక్ మీద సామేలు చేతులు తడబడ్డాయి.

అప్పుడు ఆడవాళ్లలోంచి శంకరవ్వ లేచింది. తమ్ముడి కోసం దేవవ్వ లేచిన చప్పుడు రాకపోవడం ఆమె చెవులకు తెలిసినట్టుంది. తడుముకుంటూ వచ్చి ఆ చెయ్యి దొరికించుకుని, "రా తమ్మీ, ఇద్దరం ఒకటే గద. నేను తోల్కపోత" అంది మెల్లగా.

ఆమె ముందు, అతను వెనక. శంకరవ్వకు తెలిసేది వెలుతురొక్కటే. బల్ల వెనక కిటికీ గుడ్డతో చీకటైపోయింది, పక్కతలుపులోంచి తెల్లటి ఎండ లోపలికి పడుతోంది. ఆమె ఆ వెలుతురే బల్ల అనుకుని అటు తిరిగింది. గడప అవతల మూడు రాతిమెట్లు, వాటికింద కంకర.

దేవవ్వ తలెత్తి చూసింది. మిగతావాళ్లంతా కళ్లు మూసుకుని పాడుతున్నారు. తను ఒక్క కేక వేస్తే చాలు, శంకరవ్వ ఆగిపోతుంది, మొండయ్య బతికిపోతాడు, గురువారం గడుస్తుంది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే మొండయ్య తల తిప్పి ఆమె వైపు చూశాడు. భుజం పక్కనుంచి గోడ మీదికి కాదు, నేరుగా ఆమె కళ్లలోకి చూశాడు. ఏం చేయమంటావని అడుగుతున్నాడు. ఆమె నోరు మూసుకుంది.

శంకరవ్వ గడప మీద కాలు పెట్టింది.

"ఆగక్కా" అంటూ మొండయ్య రెండు చేతులతో ఆమెను వెనక్కి లాగి పట్టుకున్నాడు. "అది బల్ల గాదు, వాకిలి. కింద మెట్లున్నయ్."

పాట ఒక్కొక్క గొంతూ తగ్గుతూ ఆగిపోయింది. డోలక్ అంతకు ముందే ఆగింది. కళ్లు తెరిచిన వాళ్లందరికీ గడప దగ్గర కళ్లులేని మనిషి ఇంకో కళ్లులేని మనిషిని పట్టుకుని నిలబడటం కనిపించింది. అయ్యగారు రొట్టె పళ్లెంతో ఉన్నచోటే ఉండిపోయారు.

శంకరవ్వ మెల్లగా వెనక్కి తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు, చిన్న అనుమానం మాత్రం ఉంది.

"బల్ల గాదు, వాకిలని నీకెట్ల ఎరుక తమ్మీ?"

 మొండయ్య కొడుకు వైపు చూశాడు. బల్ల వైపు చూశాడు. ఇన్నాళ్లూ సగం వాల్చి ఉంచిన రెప్పలు పూర్తిగా తెరిచాడు. కుడికంట్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"రేపు పొద్దుగాల ఆరింటికి బండి అక్కా" అన్నాడు, అందరికీ వినపడేటట్టే. "నీ పేరు మల్ల రాయించి, నేనే వచ్చి ఎక్కిస్త. నాకు కనవడ్తది."

దేవవ్వ చాప మీదనుంచి లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

శంకరవ్వ అతని ముఖం వైపే చూసింది, ఆమెకు ఏం కనిపించిందో ఏమో. తర్వాత అతని చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.